పాత యంత్రము – తెలియని మిత్రులు: ఒక మాండలిక పదసంచయము మరల చదువబడిన విధము

1. ప్రస్తావన

తాళపత్రమును చదువబూనిన వానికి మూడు సౌకర్యములు కావలెను. ఆకు చెదలకు చిక్కక మిగిలి యుండవలెను. దానిని చిట్లనీయక విప్పు నేర్పు ఉండవలెను. అందలి లిపి తెలిసి యుండవలెను. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను గ్రంథము ఉండియు లేనట్లే యగును. కంప్యూటరునందు వ్రాసి దాచిన వ్రాతకును ఈ నియమమే వర్తించుచున్నది. భేదమెల్ల కాలమునందే కలదు. తాళపత్రమునకు రెండు మూడు శతాబ్దములకు వచ్చు దురవస్థ కంప్యూటరు వ్రాతకు ముప్పది యేండ్లలోనే వచ్చుచున్నది.

ఈ మాట తెలుగు శాఖలలో పనిచేయు వారికి నేడు మిక్కిలి అవసరమైనది. 1980, 1990 దశకములలో మన పరిశోధకులు పెక్కురు తమ సామగ్రిని ఫ్లాపీ డిస్కులపై దాచుకొనిరి. వారు విశ్రాంతి పొందిరి, కొందరు గతించిరి. వారి బీరువాలలో సిద్ధాంతవ్యాసముల అచ్చుప్రతులు మిగిలినవి. కాని అచ్చునకు ఎక్కని మూలసామగ్రి, అనగా సేకరించిన పదములు, పాటలు, సంభాషణలు, డిస్కులలోనే యుండిపోయినవి. వానిని చదువు యంత్రములు బజారున లేవు. వాని మర్మము తెలిసిన వారు మన యూళ్లలో అరుదు. అట్టి సంచయము నొకదానిని ఎన్నడును ముఖము చూడని దూరదేశీయుల సాయముతో మరల చదువగలిగిన విధమును, అందుండి పరిశోధకుడు నేర్వదగిన పద్ధతిని వివరించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

2. సంచయ స్వరూపము

తెలుగున వృత్తిపదముల సేకరణకు మార్గదర్శకమైనది మాండలిక వృత్తి పదకోశము. ఒంగోలున 1928లో జన్మించిన ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున దాని మొదటి సంపుటము, వ్యవసాయ పదములతో, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురణగా వెలువడెను. చేనేత పదముల సంపుటము 1971లో వచ్చెను. పండితుడు తన గదిలో కూర్చుండి పదములను ఊహింపక, రైతు నడిగి, అతని నోటి పలుకుబడిని వ్రాసికొనుట ఆ గ్రంథము నెలకొల్పిన పద్ధతి.

ఆ పద్ధతిని మనసున నిలుపుకొనిన ఒక పాఠశాలోపాధ్యాయులు, చిలకలూరిపేటకును పర్చూరునకును నడుమనున్న నల్లరేగడి గ్రామములలో, 1990 దశకమున ప్రత్తి, మిరప రైతుల పదములను సేకరించిరి. వారి ప్రణాళిక పరిమితమైనది, అందుచేతనే లోతైనది. దుక్కి మొదలు కల్లము వరకు, కల్లము మొదలు గుంటూరు మిరపయార్డులో టిక్కీ దిగువరకు, ప్రతి పనికిని పనిముట్టునకును ఏ యూర ఏ మాట యున్నదో వ్రాసికొనిరి. గొఱ్ఱు, గుంటక, చాలు, గూడ, పిందె, తాలుకాయ మున్నగు మాటలు, వాని యుచ్చారణ భేదములు, వానిపై పుట్టిన నానుళ్లు అందు చేరినవి. ఒక పాత కంప్యూటరును కొని, తెలుగు వ్రాయుటకు వీలు కలిగించు కార్డు నొకదానిని అందు అమర్చుకొని, తామే కూర్చుండి టైపు చేసిరి.

వారు గతించిన పిమ్మట వారి కుమార్తె ఆ యంత్రమును, 11 ఫ్లాపీలను నాకు అప్పగించుచు, “నాన్నగారు దీనిని పారవేయవద్దని మాత్రము చెప్పినారండీ, ఇందులో ఏమున్నదో మాకు తెలియదు” అనిరి. వ్రాత ప్రతులు వర్షమునకు తడిసి నశించినవి. సమాచారమిచ్చిన రైతులలో వృద్ధులెవరును మిగులలేదు. 2002లో మన దేశమున బీటీ ప్రత్తికి అనుమతి లభించిన పిదప విత్తనము మారెను, సాళ్ల యెడము మారెను. ట్రాక్టరు వచ్చి అరక వెనుకబడెను. పనిముట్టు పోయిన వెనుక పదము చిరకాలము నిలువదు. కావున ఆ 11 డిస్కులు చదువబడకున్నచో, ఆ పదములను మరల సేకరించుటకు పొలమును లేదు, చెప్పువాడును లేడు.

3. యంత్రము

విద్యుత్తు నిచ్చినప్పుడు యంత్రము తెరపై మొదటి అక్షరములను చూపెను. కాని వెంటనే కీబోర్డు లోపమని తెలిపి నిలిచిపోయెను. గుంటూరున మరమ్మతు చేయు ఒక నిపుణుడు కీబోర్డును మార్చి చూచెను; రెండవదానిని, మూడవదానిని తగిలించెను; ఫలితము మారలేదు. “మాస్టారూ, దీనికి సామాను దొరకదు, తూకానికి వేసేయండి” అని అతడు చెప్పిన మాట అతని యనుభవము మేరకు నిజమే. అతడు ప్రతిదినము చూచు యంత్రములు వేరు. ఇది అతడు పని నేర్చుకొనుటకు పూర్వమే బజారునుండి తొలగినది.

అంతట, పాత కంప్యూటరులను సేకరించి బాగుచేయు అభిరుచి గలవారు అంతర్జాలమున పరస్పరము మాటలాడుకొను చోట మా స్థితిని తెలిపితిమి. తొలుత మేము వ్రాసినది “మా పాత కంప్యూటరు పనిచేయుటలేదు, సాయము చేయుడు” అనుమాత్రమే. ఎవరును బదులీయలేదు. వైద్యునికడ “ఒంట్లో బాగుండలేదు” అని చెప్పి ఊరకుండిన రోగికిని మాకును భేదము లేకుండెను. రెండవ మారు బోర్డుపై అచ్చయియున్న సంఖ్యను, చిప్పులపై వ్రాతలను, తెరపై కనబడిన వాక్యమును అక్షరము తప్పక వ్రాసి, బోర్డు ఛాయాచిత్రమును జతపరచితిమి. మరునాటి యుదయమునకు మూడు సమాధానములు వచ్చెను.

అందొకరు లోపము కీబోర్డునందు లేదనియు, బోర్డుపైనున్న చిన్న బ్యాటరీ చెంత ఆకుపచ్చని మరక కలదు చూడుడనియు వ్రాసిరి. దీని కారణమును వివరింపవలెను. ఆ కాలపు బోర్డులపై గడియారమును, డిస్కుల వివరములను జ్ఞాపకముంచు స్వల్పమైన స్మృతి యుండెడిది. యంత్రము ఆరియున్నప్పుడు దానిని పోషించుటకు నికెలు–కాడ్మియము బ్యాటరీని బోర్డునకే టంకముతో అతికించెడివారు. ఏండ్లు గడచిన కొలది ఆ బ్యాటరీ స్రవించును. అందలి క్షారద్రవము బోర్డుపైనున్న సన్నని రాగి గీతలను తినివేయును. పెక్కు బోర్డులలో బ్యాటరీ కీబోర్డు తగిలించు చోటునకు సమీపముననే యుండును. కావున తొలుత తెగునవి తరచుగా కీబోర్డు గీతలే. రోగమొకచోట, నొప్పి యొకచోట అన్నట్లు, మేము కీబోర్డులు మార్చుచుండగా బోర్డు లోలోన క్షయించుచుండెను.

చికిత్స సులభమే. బ్యాటరీని తొలగించి, క్షారమును శమింపజేయుటకు పలుచని వినెగారుతో తుడిచి, పిదప ఆల్కహాలుతో శుభ్రపరచి ఆరబెట్టితిమి. తెగిన గీత రెండు కొనలకును సన్నని తీగను టంకముతో అతుకవలసి యుండెను. ఈ పనిని, యంత్రమును తూకమునకు వేయుమనిన ఆ గుంటూరు నిపుణుడే, ఛాయాచిత్రములో గుర్తించిన చోటును చూచి, పావుగంటలో పూర్తిచేసెను. దూరదేశీయునికి రోగనిదానము తెలియును, చేయి ఇక్కడ లేదు. ఇచ్చటివానికి చేతినేర్పు కలదు, నిదానము తెలియదు. ఈ రెండును కలిసిన దినమున యంత్రము మేలుకొనెను. హార్డు డిస్కు మాత్రము తిరుగలేదు. దానిపై ఆశ వదలుకొని ఫ్లాపీలవైపు దృష్టి మరల్చితిమి.

4. డిస్కులు

ఆ ఫ్లాపీలు 5¼ అంగుళముల వెడల్పు గలవి, 360 కిలోబైట్ల రకమునకు చెందినవి. అట్టి డిస్కునకు రెండు ముఖములు. ఒక్కొక్క ముఖమున 40 వలయములు. ఒక్కొక్క వలయమున 9 ఖండములు. ఒక్కొక్క ఖండమున 512 బైట్లు. గుణించి చూడగా మొత్తము 3,68,640 బైట్లగును. ఆ యుపాధ్యాయులు వాడిన సంకేతపద్ధతిలో ప్రతి వర్ణమునకును, ప్రతి గుణింతపు గుర్తునకును ఒక్కొక్క బైటు చాలును. కావున నేటి దృష్టిలో అత్యల్పమైన ఈ చోటునందే వందల పుటల తెలుగు వ్రాత ఇముడును.

చదువుటకు ముందు చేయవలసిన పని, చెడగొట్టకుండుట. ఈ రకపు డిస్కు అంచున ఒక చిన్న గంటు ఉండును. దానిపై కాగితపు పట్టీ అతికించినచో యంత్రము డిస్కుపై వ్రాయజాలదు. 3½ అంగుళముల డిస్కున నియమము విపరీతము; అందు మూలనున్న రంధ్రము తెరచియున్నప్పుడే రక్షణ. ఈ భేదము తెలియక నష్టపోవుటకు అవకాశము కలదు. మాకు సమాధానమిచ్చిన వారిలో ఒకరు, డిస్కు లోపములను సరిదిద్దు ఒక ప్రోగ్రామును వెంటనే నడుపుడని సలహా ఇచ్చిరి. వేరొకరు దానిని గట్టిగా వారించిరి. ఆ ప్రోగ్రాము చదువుటతో ఆగక తిరిగి వ్రాయుననియు, శిథిలమైన ప్రతిని దిద్దుటకు ముందు దానికి నకలు తీయవలెననియు వారి వాదము. పరిష్కర్త మూలప్రతిపైనే కలము పెట్టరాదను మన నియమము ఇదియే.

ఆ యంత్రమున మిగిలియున్న 360 కిలోబైట్ల డ్రైవుతో 8 డిస్కులు చక్కగా చదువబడెను. రెండింటిపై బూజు పట్టియుండెను. ఒకటి మాత్రము, నాలుగవది, పైకి నిర్మలముగా నుండియు, ప్రతి వలయమునను లోపమనియే చూపుచుండెను. ఈ చిక్కును విడదీసిన ప్రశ్న అపరిచితుల నుండియే వచ్చెను: “ఈ యంత్రమునకు పూర్వము రెండవ డ్రైవు ఉండెనా?” చూడగా, పెట్టె ముందుభాగమున రేకు మూసిన ఖాళీ అర యొకటి, లోపల ఊరక వ్రేలాడుచున్న కేబులు కొన యొకటి కనబడెను.

విషయమేమనగా, తరువాతి కాలపు 1.2 మెగాబైట్ల డ్రైవు అంతే వెడల్పుగల డిస్కుపై 40కి బదులు 80 వలయములను ఇముడ్చును. అందుచే దాని చదువు తల సన్ననిది. పాత డ్రైవు వెడల్పైన తలతో వ్రాసిన దానిపై, క్రొత్త డ్రైవు సన్నని తలతో మరల వ్రాసినచో, నడుమ క్రొత్త వ్రాతయు, ఇరుప్రక్కల పాతవ్రాత అంచులును మిగులును. సన్నని తల నడుమ నున్న దానినే చదువును. వెడల్పైన తలకు రెండును ఒక్కమారు వినబడి గందరగోళమగును. ఆ యుపాధ్యాయులు నాలుగవ డిస్కును రెండవ డ్రైవులో పెట్టి దిద్దుకొనియుందురు. ఒకమారు వ్రాసి చెరిపిన తోలుపుటపై మరల వ్రాసినప్పుడు పాత అక్షరముల జాడ తొంగిచూచుట ప్రాచీన లిపిశాస్త్రజ్ఞులకు తెలిసినదే. ఇది దానికి అయస్కాంత రూపము. పాతసామానుల వర్తకునికడ 1.2 మెగాబైట్ల డ్రైవును సంపాదించి పెట్టగా నాలుగవ డిస్కు తొలి ప్రయత్నముననే చదువబడెను.

బూజు పట్టిన రెండింటికి వేరొక యుపాయము కావలసివచ్చెను. సాధారణముగా డ్రైవు అందించు సంకేతమును యంత్రములోని నియంత్రకము ఒకట్లుగాను సున్నలుగాను నిర్ణయించి, సందేహము వచ్చినచో ఖండము మొత్తమును నిరాకరించును. కీర్ ఫ్రేజర్ రూపొందించిన గ్రీస్‌వీజల్ అను చిన్న పరికరము అట్లు నిర్ణయింపదు. డిస్కుపై అయస్కాంత దిశ మారిన ప్రతి క్షణమును ఉన్నదున్నట్లు నమోదుచేసి, నేటి కంప్యూటరునకు యూఎస్‌బీ మార్గమున అందించును. నిర్ణయము తరువాత, తీరికగా, పలుమారులు చేయవచ్చును. శిథిలశాసనమును అక్కడికక్కడ చదివి వదలక అచ్చుప్రతి తీసికొని వచ్చుట వంటిది ఈ పద్ధతి. డిస్కులను జాగ్రత్తగా శుభ్రపరచి, ఒక్కొక్క వలయమును పలుమారులు నమోదుచేయగా, ఒకటి పూర్తిగను, మరియొకటి సగమునకు పైగాను దక్కెను. దక్కని భాగమున ఏమున్నదో ఇక తెలియరాదు.

5. లిపి

ఇంతటితో శ్రమ తీరెనని తలచితిమి. కాని పాత యంత్రమున ఫైలును తెరచినప్పుడు తెలుగునకు మారుగా గీతలు, మూలలు, నల్లని దిమ్మెలు కనబడెను. తెలుగును తెరపై చూపు కార్డు యంత్రమున లేదు; దాని అర ఖాళీగా నుండెను. ఎవరు ఎప్పుడు తీసికొనిరో తెలియలేదు.

అట్టి కార్డుల పుట్టుక ఐఐటీ కాన్పూరున 1980 దశకపు తొలినాళ్లలో జరిగిన కృషిలో ఉన్నది. పిదప పూనాలోని సీడాక్ సంస్థ జిస్ట్ అను పేర వానిని వ్యాప్తిలోనికి తెచ్చెను. ఆ కార్డులకు ఆధారమైన సంకేతపద్ధతి ఇస్కీ. అది 1991లో భారతీయ ప్రమాణముగా స్థిరపడెను. దాని మూలసూత్రము భాషావేత్తలకు ప్రియమైనది: భారతీయ లిపులన్నియు ఒకే వర్ణక్రమము గలవి కావున, ‘క’ ఏ లిపిలో నున్నను దానికి సంఖ్య ఒక్కటే, 179. తెరపై తెలుగు ‘క’ కనబడునో, నాగరి ‘క’ కనబడునో కార్డు నిర్ణయించును.

మేము చూచిన దిమ్మెలను ఛాయాచిత్రము తీసి పంపగా, తెలుగు అక్షరమొక్కటియు తెలియని ఒక విదేశీయుడు ఇట్లు విచారణ చేసెను. ఆ నల్లని నిండుదిమ్మె పాత యంత్రపు పట్టికలో 219వ గుర్తు. అది ఒంటరిగా రాదు, ఎల్లప్పుడును వేరొక గుర్తు వెనుకనే వచ్చుచున్నది, మిక్కిలి తరచుగా వచ్చుచున్నది. 232వ గుర్తునకు, అనగా అచట గ్రీకు ‘ఫై’ అక్షరముగా కనబడుదానికి, ఇరువైపుల తరచుగా ఒకే గుర్తు కలదు. “మీ భాషలో ఇట్టివి ఏమైన కలవా?” అని అతడు ప్రశ్నించెను. ప్రశ్న చదివిన వెంటనే మాకు సమాధానము స్ఫురించెను. 219 గుడి, 232 పొల్లు, దానికి ఇరువైపుల నున్నవి ద్విత్వాక్షరములు. ఇస్కీ పట్టికతో పోల్చగా సరిపోయెను. ఒక దిమ్మెల వరుస 204, 219, 207, 200 అని తేలెను. అనగా మ, గుడి, ర, ప. ఆ సంచయమునుండి మేము చదివిన మొదటి మాట ‘మిరప’.

నేటి యూనికోడు పద్ధతిలో తెలుగునకు 3072 నుండి 3199 వరకు ప్రత్యేక స్థానము కలదు. అదే మాట 3118, 3135, 3120, 3114 అని వ్రాయబడును. యూనికోడు భారతీయ లిపుల అమరికకు ఇస్కీయే ఆధారము. కాని ఒక స్థిరసంఖ్యను కూడినంతమాత్రమున ఇది అదిగా మారదు. ‘అ’ 164 నుండి 3077కు పోవును. ‘క’ 179 నుండి 3093కు పోవును. భేదము మొదటిదానిలో 2913, రెండవదానిలో 2914. కావున అక్షరమునకు అక్షరము పట్టిక కూర్పవలెను. ఒక అపరిచితుడు తాను పూర్వము నాగరి కొరకు వ్రాసిన మార్పిడి ప్రోగ్రామును ఉదారముగా పంపెను. దానిని నడుపగా తెలుగు వచ్చెను. కాని మూడు చోట్ల అర్థము చెడెను.

మొదటిది, హ్రస్వ దీర్ఘముల కలయిక. హిందీలో హ్రస్వమైన ఎ, ఒలకు విడి యక్షరములు లేవు. అందుచే ఆ పట్టికలో 224 అను ఎత్వమును, 225 అను ఏత్వమును ఒక్కటిగా చేయబడినవి. మనకు ‘మెడ’ వేరు, ‘మేడ’ వేరు. రెండవది, ర–ఱల కలయిక. 207 ర, 208 ఱ. ఆ యుపాధ్యాయులు గ్రంథరూపమును ‘గొఱ్ఱు’ అనియు, వినిన రూపమును ‘గొర్రు’ అనియు వేరువేరుగా నమోదు చేసియుండిరి. మార్పిడిలో రెండును ఏకమయ్యెను. ఈ రెండు లోపములను పట్టియిచ్చిన పరీక్షను కూడ ఆ మిత్రుడే చెప్పెను. మార్చిన ఫైలును మరల వెనుకకు మార్చి, మూలముతో బైటునకు బైటు పోల్చవలెను. భేదించిన ప్రతిచోటను పట్టికలో తప్పున్నట్లే.

మూడవది ఈ పరీక్షకును అందనిది. కొన్ని చ, జల వెనుక ఒక నక్షత్రపు గుర్తు కనబడుచుండెను. అవి టైపు దోషములనియు, ఒక్కమారుగా తొలగింపవచ్చుననియు ఆ మిత్రుడు సలహా ఇచ్చెను. అట్లు చేసియున్నచో సంచయములోని యుచ్చారణ సమాచారమంతయు పోయెడిది. గుర్తున్న పదములను వరుసగా వ్రాసి చూడగా, ‘చాలు’, ‘జొన్న’ మున్నగునవి తేలెను. ఇస్కీలో దంత్య చ, జలకు విడిగా సంకేతములు లేవు. ఆ యుపాధ్యాయులు దంత్యోచ్చారణమును చూపుటకు నక్షత్రమును తామే కల్పించుకొనిరి. ౘ, ౙలకు యూనికోడు 2008లో 3160, 3161 సంఖ్యలను కేటాయించెను. కావున నక్షత్రము లన్నింటిని తొలగింపక, ఆ యక్షరములుగా మార్చితిమి. యంత్రము తెలిసినవారికి మురికివలె తోచినది, భాష తెలిసినవారికి ధనమయ్యెను.

6. అపరిచితుల మాటకు ప్రామాణ్యము

ముఖమెరుగని వారి మాటను ఎంతవరకు నమ్మవచ్చును? ఇది న్యాయమైన ప్రశ్న. మాకు వచ్చిన సలహాలలో సరియైనవి కలవు, హానికరమైనవి కలవు, అర్ధసత్యములును కలవు. వానిని ఎన్నుకొనుటకు పాఠపరిష్కర్త పద్ధతియే ఉపకరించెను. సీ. పీ. బ్రౌన్ ఒక కావ్యమునకు పలు ప్రతులను సేకరించి, పండితుల నియమించి, పాఠములను సరిపోల్చి శుద్ధప్రతిని సిద్ధపరపించెను. ఏ ప్రతి వ్రాసిన లేఖకుడు ఎవరో ఆయన యెరుగడు. ఎరుగవలసిన పనియు లేదు. పాఠము తన బలముచే నిలువవలెను.

అట్లే మేము ప్రతి సలహాకు మూడు పరీక్షలు పెట్టితిమి. చెప్పువాడు కారణమును చెప్పెనా? చేసినదానిని మరల యథాస్థితికి తేవచ్చునా? ఒక పనికిరాని డిస్కుపై ముందుగా ప్రయోగించి చూడవచ్చునా? ఈ మూడింటికిని నిలిచినదానినే గ్రహించితిమి. వేర్వేరు దేశముల వారిద్దరు, ఒకరి మాట నొకరు చూడక, ఒకే కారణమును చెప్పినప్పుడు విశ్వాసము పెరిగెను.

అడుగువాని కర్తవ్యములు కూడ కలవు. చూచినదానిని, ఊహించినదానిని వేరుపరచి చెప్పవలెను. ఒక్కమారు ఒక్క మార్పునే చేసి, ఫలితమును వ్రాయవలెను. ఇతరుల సొంత సమాచారమును వీథిన పెట్టరాదు. మా డిస్కులలో రైతుల పేర్లు, ఊళ్లు, కుటుంబ వివరములు ఉండెను. కావున పూర్తి ఫైలును ఎవరికిని పంపక, పేర్లులేని కొద్ది పంక్తులనే నమూనాగా పంపితిమి. పని నెరవేరిన పిమ్మట ఏది ఫలించెనో, ఏది ఫలింపలేదో తిరిగివచ్చి తెలుపవలెను. ఈ కడపటి విధిని చాలమంది మరతురు. మాకు బ్యాటరీ మరకను చూపించిన వారు, తమకు ఆ విషయము వేరొకడు ఏండ్లక్రితము వ్రాసి యుంచిన సమాధానమువలన తెలిసినదని చెప్పిరి. ఆ వేరొకడు ఫలితమును వ్రాయక మరలిపోయి యున్నచో మన మిరప పదములు మనకు దక్కెడివి కావు.

తెలుగువారికి ఈ సంప్రదాయము క్రొత్తది కాదు. కంప్యూటరుపై తెలుగు చూచుటయే దుర్లభమైన 1990 దశకమున, యూజ్‌నెట్‌నందలి తెలుగు చర్చాబృందమున దేశాంతరములందలి తెలుగువారు, ఒకరి నొకరు చూడకయే, ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయు పద్ధతులను చర్చించుకొనిరి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు నిర్మించిన ‘రిట్’ అను సాధనము ఆ కాలపు ఫలమే. తెలుగు వికీపీడియాను 2003లో ప్రారంభించిన వెన్న నాగార్జున, వార్తాపత్రికలు వాడిన వేర్వేరు ఫాంటుల వ్రాతను యూనికోడునకు మార్చు ‘పద్మ’ అను సాధనమును రచించెను. వీవెన్ 2006లో ‘లేఖిని’ని అందరికి ఉచితముగా అందించెను. వీరెవరును తమ సాధనములను వాడినవారిలో వేయింట నొక్కనినైనను చూచియుండరు.

ఐనను ఈ సహాయము శాశ్వతమని భ్రమింపరాదు. ‘పద్మ’ ఫైర్‌ఫాక్స్‌నకు అనుబంధముగా పనిచేసెడిది. 2017 నవంబరున వెలువడిన ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు అట్టి పాత అనుబంధములను స్వీకరించుట మానివేసెను. 2019లో లినక్సునందు ఫ్లాపీలను నడుపు భాగము అనాథయని లైనస్ టోర్వాల్డ్స్ ప్రకటించెను. దానిని పరీక్షించుటకు పనిచేయు పరికరము నిర్వాహకుని వద్ద లేకపోవుటయే కారణము. పిదప వేరొకరు ఆ భారమును స్వీకరించిరి గాని, అట్టివారు ఎల్లకాలము దొరకుదురను నమ్మకము లేదు. పాత యంత్రములను ఎరిగినవారు వృద్ధులగుచున్నారు. రైతు పదములకు పట్టిన గతియే రైతు పదములను చదువు విద్యకును పట్టుచున్నది.

7. ఉపసంహారము

పై వృత్తాంతమువలన తేలిన విషయములు మూడు. పాత యంత్రమున దాచిన వ్రాత చదువబడకుండుట నశించుట కాదు. కాని ఆలస్యము దానిని నాశమువైపు నడుపును. యంత్రజ్ఞానము నేడు ఏ యొక్క యూరనో, ఏ యొక్క సంస్థయందో లేదు. పలువురు అపరిచితులయందు చెదరియున్నది, సక్రమముగా అడిగినవారికి లభించుచున్నది. ఆ జ్ఞానము ఎంత యున్నను, భాష నెరిగినవాడు ప్రక్కన లేనిచో నక్షత్రము దోషమగును, గొఱ్ఱు గొర్రగును. కావున ఈ పనిని యంత్రనిపుణులకు విడిచి తెలుగు శాఖలు ఊరకుండుట తగదు.

ప్రతి శాఖయు ఈ యేడే చేయదగిన స్వల్పకార్యములు కొన్ని కలవు. పూర్వ పరిశోధకులను, వారి కుటుంబములను అడిగి, డిస్కులను ఒకచోట చేర్చవలెను. వ్రాతరక్షణ పట్టీలు అతికించి, మూలము నంటక నకళ్లు తీయవలెను. ఏ యంత్రమున, ఏ సాధనముతో, ఏ ఫాంటుతో వ్రాసిరో, జ్ఞాపకమున్న వారు జీవించియుండగనే వ్రాసి పెట్టుకొనవలెను. ఇవి జరిగినచో మిగిలినదానిని కాలక్రమమున ఎవరైనను సాధింపవచ్చును.

మా సంచయమునకు సంబంధించినంతవరకు, అక్షరముల మార్పిడి పట్టికను, నక్షత్రపు గుర్తు వివరణను, బ్యాటరీ మరక ఛాయాచిత్రమును, మాకు సహాయము లభించిన చోటనే అందరికి అందునట్లు ఉంచితిమి. పదముల పట్టికను అచ్చువేసి, ఒక ప్రతిని ఆ యుపాధ్యాయుల కుమార్తెకు సమర్పించితిమి. ఆమె పుటలు త్రిప్పి, ‘తాలుకాయ’ కడ ఆగి, ఆ మాటకు ఉదాహరణగా వ్రాసిన వాక్యము తమ నాయనమ్మగారు కల్లములో ఎండుకాయలు ఏరుచు అన్నదేయని గుర్తించిరి. తండ్రిగారు తల్లి మాటను డిస్కులో దాచిరని ఆమెకు అంతవరకు తెలియదు.